అరబ్బీ పాట వినాలంటే ఫైరూజ్ ముందా, ఉమ్ కుల్సూమ్ ముందా?

కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉండి వచ్చిన మనవాళ్లలో చాలామందికి పేరు తెలియకపోయినా ఫైరూజ్ గొంతు తెలిసే ఉంటుంది. పొద్దున కాఫీతో పాటు ఆమె పాట పెట్టుకోవడం అరబ్బులకు పాత అలవాటు. రాత్రి మాత్రం ఈజిప్టు గాయని ఉమ్ కుల్సూమ్‌ది. కొత్తగా వినేవాళ్లు ఎవరితో మొదలుపెట్టాలి?

సులువు చూసుకుంటే ఫైరూజే. ఈ లెబనాన్ గాయని పాటలు చాలావరకు నాలుగైదు నిమిషాలే. భర్త ఆసీ, మరిది మన్సూర్ రహ్బానీ కలిసి రాసి, బాణీ కట్టినవి ఎక్కువ. పల్లెపాటల వరస, పక్కనే పియానో, వయొలిన్లు, మెత్తటి గొంతు. సినిమా పాటకు అలవాటుపడ్డ చెవికి ఇట్టే పట్టుబడతాయి. అంతర్యుద్ధం ముగిశాక 1994లో బీరూట్ నడిబొడ్డున ఆమె పాడితే వేలమంది వచ్చారు.

అయినా నన్నడిగితే ఉమ్ కుల్సూమ్‌తోనే మొదలుపెట్టమంటాను. కారణం మన కచేరీ అలవాటు. 1964లో ఆమె మొదటిసారి పాడిన 'ఇంతా ఉమ్రీ' తీసుకోండి. 'నువ్వే నా జీవితం' అని అర్థం. ఈజిప్టు సంగీతకర్త ముహమ్మద్ అబ్దుల్ వహాబ్ ఆమె కోసం కట్టిన మొదటి పాట అది, ఎలక్ట్రిక్ గిటార్‌తో సహా. కచేరీ రికార్డు దాదాపు గంట. ఆమె గొంతు విప్పేలోపు వాద్యాలే చాలాసేపు నడుస్తాయి. ఓపిక పట్టండి. ఆ మకామ్, అంటే అరబ్బీ రాగం, పేరు కుర్ద్. స్వరస్థానాలు మన కర్ణాటక తోడి రాగానివే! స్వరాలను ఊపే గమకాలు వేరు కాబట్టి తోడిలా వినిపించదు, అలాగని పరాయిగానూ ఉండదు. ఒకే పంక్తిని మళ్లీ మళ్లీ ఎత్తుకుంటుంది, ప్రతిసారీ ఒక కొత్త సంగతి, అంటే బాణీలో కొత్త మలుపు, వేస్తూ. మన కచేరీల్లో ఒకే పంక్తిని రకరకాలుగా పాడే నెరవల్ విన్నవాళ్లకు ఆ పని వెంటనే తెలుస్తుంది. మనం 'శభాష్' అనే చోట వాళ్లు 'అల్లాహ్' అంటారు. ఆ మైమరపుకు వాళ్ల మాట 'తరబ్'.

ఇంకొకటి, ఆమె ఉచ్చారణ. నైలు డెల్టాలో ఒక పల్లెటూరి ఇమామ్ కూతురు. చిన్నప్పుడే ఖురాన్ పఠనం నేర్చింది. తండ్రి మగపిల్లాడి వేషం వేసి మరీ భక్తిగీతాలు పాడించాడు. అందుకే భాష రాని మనకు కూడా మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో స్పష్టంగా తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. వెతికేటప్పుడు స్టూడియో రికార్డు కాకుండా జనం కేకలున్న కచేరీ రికార్డే చూసుకోండి. ఆ కేకలు లేకపోతే ఆమె ఆ పంక్తికే ఎందుకు తిరిగొచ్చిందో అర్థం కాదు.