గండికోట దగ్గర నీలితో మూడు రోజులు

మా నీలి మార్వాడీ జాతి ఆడగుర్రం, ఆరేళ్ళది. చెవులు నిక్కబొడిస్తే రెండు కొనలూ లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతాయి. ప్రొద్దుటూరులో మా పొలాల వెంబడి రోజూ సవారీ చేస్తాను గానీ, దానితో నేజాబాజీ ఆడాలని రెండేళ్ళుగా కోరిక. దౌడు తీస్తున్న గుర్రం మీద నుంచి వంగి, నేలలో పాతిన చెక్క గూటాన్ని బల్లెంతో గుచ్చి లేపుకుపోవాలి. టెంట్ పెగ్గింగ్ అనేది దీన్నే. ఒకప్పుడు అశ్వికదళాల సాధన. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో కూడా పెట్టారు, స్వర్ణం మన రూపీందర్ సింగ్ బ్రార్‌కు వచ్చింది.

జమ్మలమడుగు అవతల పొలంలో ఒక పెద్దాయన నేర్పుతాడని లాడాలు కొట్టే అన్న చెప్పాడు. సైన్యంలో గుర్రాల దగ్గర పనిచేసి దఫేదార్‌గా రిటైరయ్యాడట. సంక్రాంతి దాటాక నీలిని బొలెరో పికప్‌లో ఎక్కించుకుని నేనూ మా తమ్ముడూ బయలుదేరాం.

మొదటి రాత్రి బసే దెబ్బ కొట్టింది. గుర్రానికి కూడా చోటుందని ఫోన్‌లో చెప్పిన ఒక లాడ్జి వాళ్ళు వెనక షెడ్డు చూపించారు. నేలంతా నున్నటి కడప బండలు. లాడాలున్న గుర్రం ఆ బండ మీద మూత్రం పోస్తే చాలు, కాలు జర్రున జారుతుంది. నీలి రెండుసార్లు జారి, ఆ తర్వాత కదలకుండా బిగుసుకుపోయి నిలబడింది. తెల్లవార్లూ పడుకోలేదు, నీళ్ళు ముట్టలేదు. ఇసుకైనా, వరిగడ్డైనా పరవమని అడిగితే రేపు చూద్దామన్నారు. ఆ టెన్షన్‌లో మాకూ నిద్ర లేదు. మీరు గుర్రంతో వెళ్తుంటే మీ గది సంగతి తర్వాత, ముందు దాని కాళ్ళ కింద ఏముందో ఫోటో పంపమనండి.

పొద్దున్నే పెద్దాయనతో చెబితే, "దాన్ని ఈడికి తోలుకొచ్చేయండి నాయనా" అన్నాడు. వేపచెట్టు కింద ఇసుక పోసిన చోటు, పక్కనే నీళ్ళతొట్టి. ఇసుక కనబడగానే నీలి వెల్లకిలా పడి పొర్లింది. లేచి ఒళ్ళు దులుపుకుని, తొట్టిలో మూతి పెట్టి గుక్క తిప్పుకోకుండా తాగింది. జొన్న చొప్ప, నానబెట్టిన ఉలవలు ఇంటి నుంచే తీసుకెళ్ళాం. మేత ఒక్కసారిగా మారిస్తే గుర్రానికి కడుపునొప్పి వస్తుంది, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది.

ఇక ఆయన ట్రాక్. ఆ చుట్టుపక్కల నేలంతా నల్లరేగడి, శనగ పైరు. ఎండితే నెర్రెలు విచ్చుతుంది. దౌడులో గిట్ట అందులో ఇరుక్కుంటే కాలు విరిగినట్టే. అందుకని ఆయన వంద మీటర్లకు పైగా గొర్రు తోలించి, ఎర్రమట్టి, ఇసుక కలిపి పోయించాడు. రోజూ సాయంత్రం తడుపుతాడు. పిడికెడు మన్ను తీసి పిసికి, "ఉండ కట్టాల, చేతికి అంటకూడదు" అని చూపించాడు. మైదానాన్ని ఇంత శ్రద్ధగా చూసుకునే మనిషి దగ్గర గుర్రాన్ని నిశ్చింతగా వదలొచ్చు అనిపించింది.

మొదటి రోజు బల్లెం నా చేతికే ఇవ్వలేదు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడితే మధ్యలోంచి గుర్రాన్ని తిన్నగా నడిపించడమే పని. గుర్రం గీత మీద పోతే గూటం దానంతటదే బల్లెం ముందుకొస్తుందని ఆయన మాట. రెండో రోజు ఏడడుగుల వెదురు బల్లెంతో ముందు నడకలో, తర్వాత నెమ్మది దౌడులో. గూటం ఈత మొద్దుతో చేసింది, తెల్లరంగు, 6 సెంటీమీటర్ల వెడల్పు. పోటీల్లో గెలుపు తేలకపోతే ఇంకా సన్నవి పెడతారు. గుచ్చి 15 మీటర్లు మోసుకెళ్తే 6 పాయింట్లు, పీకి జారవిడిస్తే 4, తగిలితే 2. నీలికి అసలు భయం గూటమంటే కాదు, తన కంటి పక్కన కదిలే బల్లెం మొన. దాణా తినేటప్పుడు పక్కన బల్లెం పట్టుకుని గంటసేపు నిలబడితే అలవాటు పడింది.

మూడో రోజు పొద్దున తొమ్మిదిసార్లు పరిగెత్తించాను. ఎనిమిది ఖాళీ. తొమ్మిదోసారి చెయ్యి బిగించకుండా వదిలాను. టక్కుమని చప్పుడు, బల్లెం దానంతటదే వెనక్కి ఊగింది, చివర తెల్లటి గూటం. అప్పుడు చెయ్యి బిగబట్టి ఉంటే భుజం ఊడేదే. కిందికి దిగి నీలి మెడ పట్టుకుంటే నాకు మాట రాలేదు.

అక్కడి నుంచి గండికోట పది పదిహేను కిలోమీటర్లు. సాయంత్రం నీలిని వేపచెట్టు కిందే వదిలి వెళ్ళాం. మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూసి పెన్నా లోయ అంచున కూర్చున్నాం. అంతా బండలే, గుర్రాన్ని ఆ అంచుకు తీసుకెళ్ళే ఆలోచన పెట్టుకోకండి. రాత్రికి టూరిజం వాళ్ళ హరిత హోటల్ మనుషులకు బాగుంటుంది, శని ఆదివారాలు మాత్రం ముందే బుక్ చేసుకోండి. నేను మాత్రం పెద్దాయన పొలంలోనే మంచం వేసుకున్నాను. వాళ్ళింటామె పెట్టిన జొన్నరొట్టె, గోంగూర పచ్చడి నాకు హోటల్ భోజనం కంటే ఎక్కువ.

పికప్ బాడుగ, ఆయనకిచ్చింది, లాడ్జి అన్నీ కలిపి ఎనిమిది వేలు దాటలేదు. లాడ్జి డబ్బులు దండగ. ఆయన అసలు ఫీజు అడగడు, మేమే బలవంతంగా ఇచ్చాం. వాన పడితే ట్రాక్ ఆరేదాకా ఎక్కనివ్వడు కాబట్టి ఒక రోజు అటూ ఇటూ పెట్టుకుని వెళ్ళాలి. వచ్చే నెల లాడాలు మార్పించాక మళ్ళీ రమ్మన్నాడు. ఈసారి మా తమ్ముడి వంతు.