పెద్ద క్లబ్‌లో బెంచీయా, చిన్న క్లబ్‌లో గోల్‌పోస్టా?

ఫుట్‌బాల్‌లో మిగతా ఆటగాళ్లకు మ్యాచ్ మధ్యలో దిగే అవకాశం తరచూ వస్తుంది. రెండో గోల్‌కీపర్‌కు అలా కాదు. మొదటివాడు గాయపడాలి, లేదా రెడ్ కార్డు తెచ్చుకోవాలి.

పెద్ద క్లబ్‌లో ఉంటే మంచి జీతం, ప్రాక్టీసులో మేటి స్ట్రైకర్ల షాట్లు, కప్పు పోటీల్లో అడపాదడపా ఓ మ్యాచ్. గోల్‌కీపర్ స్కాట్ కార్సన్ 2019 నుంచి 2025 దాకా మాంచెస్టర్ సిటీలో ఉండి ఆడింది రెండే మ్యాచ్‌లు. ముప్పై దాటినవాడికి ఇదేమీ చెడ్డ బేరం కాదు.

చిన్న క్లబ్‌లో వారం వారం ఆట. డిఫెన్స్ బలహీనమైతే పడే షాట్లూ ఎక్కువే, తినే తిట్లూ ఎక్కువే. కానీ క్రాస్‌కు (పక్కనుంచి గోల్ ముందుకు కొట్టే బంతికి) ముందుకు ఉరకాలా, గీత మీదే ఆగాలా అన్న తీర్పు ప్రాక్టీసులో పూర్తిగా పదునెక్కదు. నిజమైన స్కోరు, నిజమైన ఒత్తిడి ఉండాలి. 2010లో ఆర్సెనల్‌లో చేరిన గోల్‌కీపర్ ఎమిలియానో మార్టినెజ్ ఏళ్ల తరబడి లోన్ల మీద, అంటే తాత్కాలికంగా వేరే క్లబ్‌లకు ఆడుతూ తిరిగాడు. 2020లో ఆస్టన్ విల్లాకు మారాకే (దాన్ని చిన్న క్లబ్ అంటే అభిమానులు ఊరుకోరనుకోండి) స్థిరంగా నంబర్ వన్ అయ్యాడు. 2022 ప్రపంచకప్‌లో మేటి గోల్‌కీపర్‌కిచ్చే గోల్డెన్ గ్లవ్ అతనిదే.

ఇరవై రెండేళ్ల కుర్రాడైతే నా ఓటు చిన్న క్లబ్‌కే. ఇటలీ గోల్‌కీపర్ డీనో జోఫ్ 1982లో నలభై ఏళ్ల వయసులో కెప్టెన్‌గా ప్రపంచకప్ అందుకున్నాడు. బెంచీ మీద కూర్చోవడానికి తర్వాత బోలెడు టైముంటుంది.