11 ఏళ్లు వాడిన రింగ్ బైండర్లు: ఆర్డరు కాగితంలోని మాటలు, అరిగిపోయిన చోట్లు

యంత్రాలు నడిపేవాళ్లకు శిక్షణ పుస్తకాలు తయారుచేయడం నా పని. యంత్రంలో ఒక భాగం మారితే పుస్తకంలో రెండు మూడు పేజీలు మారతాయి. కుట్టి అంటించిన పుస్తకం మాకు పనికిరాదు. పాత కాగితం తీసేసి కొత్తది పెట్టుకునే వీలున్న రింగ్ బైండరే కావాలి. 11 ఏళ్లుగా వినైల్ అనే ప్లాస్టిక్‌వి, గట్టి అట్టకు కాగితం చుట్టినవి, పాలీప్రొపిలీన్ అనే మరో ప్లాస్టిక్‌వి అన్నీ తెప్పించాను. చాలావాటిని పూర్తిగా పాడయ్యేదాకా వాడాను కూడా.

మొదట్లో ఆర్డరు కాగితంలో కనిపించే 'హీట్ సీల్డ్', 'టర్న్‌డ్ ఎడ్జ్', 'బ్యాక్ మౌంట్' వంటి మాటలను తయారీవాళ్ల సొంత లెక్కలనుకుని చదవకుండానే సంతకం పెట్టేదాన్ని. తర్వాత ఒక్కో బైండరు ఎక్కడ దెబ్బతిన్నదో చూసి, పాత ఆర్డరు కాగితాలు తీసి చదివితే, దెబ్బతిన్న ప్రతి చోటుకూ అందులో ఒక మాట ముందే ఉంది. ఈ సమీక్ష రాయడానికి కారణం అదే.

మొదటి విడతగా తెప్పించినవి 40 వినైల్ బైండర్లు. ముందు అట్ట, వెన్ను, వెనక అట్ట, ఈ మూడు ముక్కలను రెండు వినైల్ రేకుల మధ్య పెట్టి చుట్టూ అతికిస్తారు. దీన్నే హీట్ సీలింగ్ అంటారు. పేరులో వేడి ఉన్నా ఇస్త్రీపెట్టె లాంటిదేదీ అందులో ఉండదు. రేడియో తరంగాల స్థాయి విద్యుత్తును, సాధారణంగా 27.12 మెగాహెర్ట్జ్ దగ్గర, రేకుల గుండా పంపుతారు. వినైల్ అణువులు వేగంగా దిశ మారే ఆ విద్యుత్తుకు అనుగుణంగా కదలబోయి లోపలి నుంచే వేడెక్కుతాయి. పైనుంచి లోహపు అచ్చు నొక్కడంతో రెండు రేకులూ ఒకటవుతాయి. అతుకు చాలా గట్టిది. నా 40లో ఒక్కదానికి కూడా అంచు ఊడలేదు.

దెబ్బతిన్నది కీలు, అంటే అట్టకూ వెన్నుకూ మధ్య మడత పడే గీత. అక్కడ లోపల అట్ట ఉండదు, అతుక్కున్న రెండు రేకులే ఉంటాయి. వినైల్‌ను మెత్తగా ఉంచడానికి అందులో నూనె వంటి ప్లాస్టిసైజర్ కలుపుతారు. ఏళ్లు గడిచేకొద్దీ అది మెల్లగా బయటికి పోతుంది, రేకు బిరుసెక్కుతుంది. నాలుగో ఏడు దాటాక రోజూ తెరిచే బైండర్లన్నీ కీలు దగ్గర పగిలాయి. చలిగా ఉన్న గదిలో పెట్టినవి ఇంకా ముందే పోయాయి.

అదే ప్లాస్టిసైజర్ నాకు చేసిన మరో నష్టాన్ని ఇప్పటికీ మర్చిపోలేను. లేజర్ ప్రింటరులో తీసిన మొదటి పేజీ అట్ట లోపలి వైపు అతుక్కుని, విడదీస్తే అక్షరాలు తిరగబడి వినైల్ మీదే ఉండిపోయాయి. టోనరును, అంటే లేజర్ ప్రింటరు వాడే పొడి సిరాను, ఆ నూనె మెత్తబరుస్తుంది. యంత్రం అత్యవసరంగా ఆపే పద్ధతి ఉన్న పేజీ అది. చదవలేని స్థితిలో ఒకరి చేతికి వెళ్లి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే భయం వేసింది. అప్పటి నుంచి ఏ వినైల్ బైండరులోనైనా మొదట ఒకటి, చివర ఒకటి మందపాటి తెల్ల కాగితం పెడుతున్నాను. ఆ తర్వాత ఒక్క పేజీ కూడా పాడవలేదు. నూనె చేతులతో ముట్టుకునే చోట మాత్రం వినైల్‌నే ఇప్పటికీ మెచ్చుకుంటాను. తడిగుడ్డతో తుడిస్తే చాలు, శుభ్రమవుతుంది.

ఇక రింగుల సంగతి. బైండరు మంచి చెడ్డలు సగం ఇక్కడే తేలతాయి, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

రింగు ఆకారాల్లో ముఖ్యమైనవి గుండ్రంది, ఇంగ్లీషు D అక్షరంలా ఉండే డి రింగు. గుండ్రటి రింగును మామూలుగా వెన్నుకు బిగిస్తారు. అట్ట తెరిచినప్పుడల్లా వెన్ను కదులుతుంది, దానితో పాటు కాగితాల కట్టంతా కదులుతుంది. మూసేటప్పుడు కట్ట రింగు వంపు మీదుగా జారాలి. జారలేని కాగితాలు చిల్లు దగ్గర చిరుగుతాయి. మా దగ్గర ఎప్పుడూ చిరిగినవి మొదటి పది, చివరి పది కాగితాలే. డి రింగును వెనక అట్టకు బిగిస్తారు. బ్యాక్ మౌంట్ అంటే ఇదే. ముందు అట్ట తెరిచినా కాగితాలు కదలవు. రింగు ఒక వైపు నిటారుగా ఉండటం వల్ల కాగితాల అంచులన్నీ ఒకే వరసలో పేర్చినట్టు ఉంటాయి. ఇది వాడటం మొదలుపెట్టాక చిల్లుల చుట్టూ అంటించే గుండ్రటి బిళ్లలు కొనడం దాదాపు మానేశాం.

కొలత దగ్గర నేను చేసిన తప్పు చాలామంది చేస్తారని అనుకుంటున్నాను. స్కేలుతో కాగితాల కట్ట మందం కొలిచి వెన్ను వెడల్పు అంగుళంన్నర అని రాసి పంపాను. వచ్చిన బైండర్లలో మా పుస్తకం పట్టలేదు, సరిగ్గా నేను రాసిన వెన్ను కొలతకే చేసి పంపారు. బైండరు సైజు అంటే రింగు లోపలి కొలత. వెన్ను ఎప్పుడూ దానికంటే వెడల్పుగానే ఉంటుంది. చదరపు మీటరుకు 80 గ్రాములుండే మామూలు కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. ఆ లెక్కన 25 మిల్లీమీటర్ల డి రింగులో 250 కాగితాలు పట్టాలి. చేతులు పడి ఉబ్బిన కాగితాలతో నేను 220 దగ్గరే ఆపుతాను. అదే కొలత గుండ్రటి రింగులో 180 దాటితే పేజీ తిప్పడం కష్టమవుతుంది.

రింగులు రెండు సగాలూ కలిసే చోట వెంట్రుకవాసి సందు ఏర్పడితే ప్రతి పేజీ అక్కడ తట్టుకుంటుంది. దీనికి చాలావరకు కారణం మన చేతులే. పైనా కిందా ఉన్న మీటలను నొక్కి తెరవకుండా రింగులను పట్టి లాగితే అవి వంగిపోతాయి. ఒక్కసారి వంగినవాటిని తిరిగి సరిచేయగలిగినవాళ్లను నేను చూడలేదు. శిక్షణ మొదటి రోజు యంత్రం కంటే ముందు బైండరు తెరవడమే నేర్పిస్తున్నాను.

చిల్లుల విషయం త్వరగా ముగిస్తాను. ఐఎస్ఓ 838 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం రెండు చిల్లుల మధ్య దూరం 80 మిల్లీమీటర్లు, చిల్లు 6 మిల్లీమీటర్లు, కాగితం అంచు నుంచి చిల్లు మధ్యకు 12 మిల్లీమీటర్లు. అమెరికా మూడు చిల్లుల పద్ధతిలో పక్కపక్క చిల్లుల మధ్య 108 మిల్లీమీటర్లు. ఈ రెండూ ఒకే బైండరులో కుదరవు. ఆర్డరులో రింగుల సంఖ్యతో పాటు దూరం కూడా రాయాలి. ఇలాంటి బైండరునూ చిల్లులు వేసే పంచ్‌నూ 1886లో జర్మనీకి చెందిన ఫ్రీడ్రిష్ జోనెకెన్ తెచ్చాడు. కాగితానికి చిల్లు పెట్టే పనిముట్టూ దాన్ని పట్టి ఉంచే రింగూ ఒకరి ఆలోచనలోంచే రావడం నాకు చాలా సహజంగా తోస్తుంది.

టర్న్‌డ్ ఎడ్జ్ బైండరంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. గట్టి బోర్డు మీద అచ్చువేసిన కాగితం లేదా గుడ్డ పరిచి, అంచులు లోపలికి మడిచి అంటించి, ఆ మడతల మీద లైనర్ అనే లోపలి పొర కప్పుతారు. చేతిలోకి తీసుకుంటే పుస్తకంలాగే ఉంటుంది. అయితే ఒక విడతలో వచ్చిన అట్టలన్నీ విల్లులా వంగాయి. జిగురు తడికి సాగిన కాగితం ఆరేటప్పుడు ముడుచుకుని బోర్డును తన వైపు లాగుతుంది. లోపలి నుంచి లైనర్ కూడా అంతే బలంగా లాగితేనే అట్ట చదునుగా నిలుస్తుంది. ఆ విడతలో బయట ప్లాస్టిక్ పూత వేసిన మందపాటి కాగితం, లోపల పలచటి లైనర్ వేశారు. బోర్డులోని నార వెన్నుకు సమాంతరంగా ఉండాలన్న నియమం కూడా అప్పుడే తెలిసింది. ఈ రెండూ రాయించాక మళ్లీ ఏ అట్టా వంగలేదు. మూలలు మాత్రం అరుగుతాయి. రోజూ సంచిలో మోసేవాళ్లకు రెండేళ్లలో బోర్డు బయటపడుతుంది.

పాలీప్రొపిలీన్ వినైల్‌లా రేడియో తరంగాలకు వేడెక్కదు. అందుకే ఒకే రేకును కోసి, మడత పడాల్సిన చోట గాడి నొక్కి బైండరు చేస్తారు. ఆ గాడి వేల సార్లు మడిచినా తెగదు. టోనరును లాగదు. బరువు తక్కువ. కానీ అరలో నిలబెడితే కాస్త వంగి ఒరిగిపోతుంది.

ముస్తాబు విషయంలో నా అనుభవమంతా మా సంస్థ గుర్తును అట్ట మీద నిలపడం చుట్టూనే తిరిగింది. పాలీప్రొపిలీన్ మీద స్క్రీన్ ప్రింటింగ్, అంటే సన్నని జాలీ తెర గుండా సిరా దింపే అచ్చు, చేయిస్తే ఆరు నెలల్లో గోటితో గీకితే ఊడింది. ఆ ప్లాస్టిక్‌కు సిరా సహజంగా అంటదు. ముందు కరోనా ట్రీట్‌మెంట్ అనే విద్యుత్ ప్రక్రియతో ఉపరితలాన్ని సిద్ధం చేయాలి. మాకు చేసిచ్చినవాళ్లు దాన్ని వదిలేశారు. వినైల్ మీద, దానికి సరిపడే సిరాతో వేసిన స్క్రీన్ ప్రింటు ఏడేళ్లయినా నిలిచింది. రంగు రంగుకూ వేరే తెర కావాలి కాబట్టి గుర్తును రెండు రంగులకు కుదించుకున్నాం.

బంగారు రంగు మెరుపు కావాలని ఒకసారి ఫాయిల్ స్టాంపింగ్ చేయించాం. వేడెక్కిన అచ్చు, పలచటి రేకు మీది లోహపు పూతను అట్ట మీదికి దించుతుంది. చూడటానికి చాలా బాగుంది, కానీ చేతివేళ్లు ఆనే చోట వేశాం, అక్కడే చెదిరింది. అట్టలోకి అణిచే డీబాసింగ్‌లో రంగు లేకపోయినా నీడతోనే గుర్తు కనిపిస్తుంది, అరగడానికి పైపూత ఏమీ లేదు. నా ఓటు దానికే. బైండరు మీద అట్టహాసం కంటే ఆ గంభీరత నాకు నచ్చుతుంది.

ఇప్పుడు మేము తెప్పించేది గుడ్డ చుట్టిన టర్న్‌డ్ ఎడ్జ్, వెనక అట్టకు 40 మిల్లీమీటర్ల డి రింగు, ముందు అట్ట మీద డీబాసింగ్, వెన్ను మీద పేరు చీటీ పెట్టే పారదర్శకమైన జేబు. మూడో ఏడు నడుస్తోంది. రింగుల మధ్య సందు ఇంకా రాలేదు. ఆ జేబు మాత్రం కింద మూసి లేదు. అరలోంచి బైండరు లాగిన ప్రతిసారీ చీటీ కొంచెం కిందికి జారుతోంది. వచ్చే విడతకు జేబు అడుగు మూసి పంపమని ఆర్డరు కాగితంలో రాశాను.