క్రిస్మస్‌కు ఒక్క ఆల్బమే కొనాలంటే ఏది మేలు?

అమెరికాలో పేరున్న గాయకుల్లో క్రిస్మస్ ఆల్బమ్ చేయనివారు అరుదు. జాజ్, కంట్రీ, రాక్, సోల్, హిప్ హాప్ ఏదైనా సరే డిసెంబరు వాకిట్లో ఒకసారి నిలబడినదే. ఇందుకు భక్తి ఒక్కటే కారణం కాదు. ఒకసారి రికార్డు చేసి పెట్టుకుంటే ఆ సరుకు ఏటా మళ్లీ కొత్తగా అమ్ముడవుతుంది. సంగీత పత్రిక బిల్‌బోర్డ్ 1963లో క్రిస్మస్ రికార్డుల కోసమే విడిగా ఒక చార్టు, అంటే ర్యాంకుల పట్టిక, మొదలుపెట్టిందంటే ఈ వ్యాపారం ఎంతగా ముదిరిందో తెలుస్తుంది. ఇన్నింటిలో ఒక్కదాన్ని ఎంచుకోవడానికి నేను చూసేవి రెండే: ఆ సంగీత శైలి పాత పాటలో కొత్తగా ఏమైనా వినిపించిందా, ఆల్బమ్‌ను మధ్యలో ఆపకుండా చివరిదాకా వినగలమా.

వయసులో పెద్దది బింగ్ క్రాస్బీ 'మెర్రీ క్రిస్మస్'. డెక్కా కంపెనీ 1945లో దీన్ని తెచ్చినప్పుడు ఆల్బమ్ అంటే నిజంగా ఆల్బమే. ఫొటోల పుస్తకంలా అట్టల మధ్య, నిమిషానికి 78 సార్లు తిరిగే రికార్డులు ఐదు, వాటిలో పది పాటలు ఉండేవి; మూడేసి నిమిషాలకు ఒకసారి లేచి రికార్డు తిప్పాల్సిందే. అందులోని 'వైట్ క్రిస్మస్' 1942లో రికార్డయింది. కాపీల మీద కాపీలు తీయడంతో మూల రికార్డు అరిగిపోగా 1947లో క్రాస్బీ చేత అదే పాటను మళ్లీ పాడించారు. ఇప్పుడు మన చెవిన పడేది చాలావరకు ఆ రెండోసారి పాడినదే. పాట రాసిన అర్వింగ్ బర్లిన్ యూదుడు. అందులో బాలయేసు లేడు, పశువుల పాక లేదు. ఉన్నదల్లా ఇంటి మీద బెంగ. యుద్ధంలో ఉన్న సైనికులకు అది ఎందుకు పట్టిందో వేరే చెప్పనక్కరలేదు. క్రాస్బీ గొంతు పక్కన కూర్చుని మాట్లాడినట్టే ఉంటుంది గాని, పాటలన్నీ ఒకే నెమ్మదితో సాగడం వల్ల సగానికి వచ్చేసరికి కునుకు వస్తుంది.

1957లో వచ్చిన ఎల్విస్ ప్రెస్లీ క్రిస్మస్ ఆల్బమ్‌కు ఆ ఇబ్బంది లేదు. తన 'వైట్ క్రిస్మస్' పాటను ఇందులో ఎల్విస్ పాడిన తీరు బర్లిన్‌కు ఎంత కంటగింపయిందంటే, దాన్ని ప్రసారం చేయవద్దని రేడియో స్టేషన్లను కోరే దాకా వెళ్లాడు. ఎల్విస్ అనుసరించింది మాత్రం 1954లో డ్రిఫ్టర్స్ బృందం పాడిన పద్ధతినే. ఈ రికార్డు మొదటి వైపు బ్లూస్ గడుసుతనంతో మొదలవుతుంది. రెండో వైపు తిప్పగానే అదే మనిషి చేతులు కట్టుకుని చర్చిలో నిలబడినట్టు ఉంటుంది. ఆ వైపు ఉన్న ఆరు పాటల్లో నాలుగు అదే ఏడాది ముందే చిన్న రికార్డుగా వచ్చిన గాస్పెల్ (అమెరికా చర్చి భక్తి) పాటలు, వాటికి క్రిస్మస్‌తో నేరుగా సంబంధం లేదు. విడివిడిగా రెండూ బాగున్నాయి, అతుకు మాత్రం కనబడుతూనే ఉంటుంది.

మన వైపు సంగతి కొంచెం వేరు. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ముందు వినిపించేవి కీర్తనలే. ఇంగ్లీషు రికార్డుల దగ్గరికి వచ్చేసరికి దక్షిణాదిలో చాలామందికి తెలిసిన పేర్లు గాయకుడు జిమ్ రీవ్స్, డిస్కో బృందం బోనీ ఎం. జెస్టర్ హెయిర్‌స్టన్ రాయగా 1956లో హ్యారీ బెలఫాంటే పాడిన 'మేరీస్ బాయ్ చైల్డ్' పాటను ఈ రెండు చోట్లా వినవచ్చు. రీవ్స్ 1963 నాటి తన కంట్రీ ఆల్బమ్‌లో దాన్ని జోలపాటంత మెత్తగా పాడితే, బోనీ ఎం 1978లో దానికి డిస్కో నడక నేర్పి, 1981 నాటి తమ క్రిస్మస్ ఆల్బమ్‌లోనూ చేర్చింది. వృద్ధులున్న ఇంటికి రీవ్స్ చాలు. బోనీ ఎం పాటలు బజారులో వినడానికి హాయిగా ఉంటాయి, గదిలో కూర్చుని వింటే ఆ దరువు తొందరగా విసిగిస్తుంది.

అసలు పోటీ మాత్రం ఇంకో రెండింటి మధ్యనే ఉంది. మొదటిది నిర్మాత ఫిల్ స్పెక్టర్ 1963లో తెచ్చిన 'ఎ క్రిస్మస్ గిఫ్ట్ ఫర్ యు'. లాస్ ఏంజెలిస్‌లోని గోల్డ్ స్టార్ స్టూడియోలో, ఎండాకాలంలో, గిటార్లూ పియానోలూ ఒకటికి మూడు చొప్పున కూర్చోబెట్టి, ఆ మోతనంతా ప్రతిధ్వనించే ఎకో గదిగుండా పంపి, మోనోలో, అంటే శబ్దాలన్నీ ఒకే ధారలో, ముద్దగా చేశాడు. ఆ హోరులో కూడా గాయని డార్లీన్ లవ్ గొంతు తొణకదు. 'క్రిస్మస్, బేబీ ప్లీజ్ కమ్ హోమ్' పాటలో వెనక గాయనులు పండుగ పేరును కేకవేస్తుంటే, ప్రతి కేకకూ ఆమె తన మనిషి ఇంట్లో లేడన్న దిగులుతో బదులిస్తుంది. చివరికి మాటలు అయిపోయి వట్టి బతిమాలుకోలు మిగిలేసరికి పియానో కూడా ఆమెతో పాటు పరుగెడుతుంది. మరయా కేరీ 1994లో తన క్రిస్మస్ ఆల్బమ్ చేసినప్పుడు ఈ పాటను పాడింది. ఆ ఆల్బమ్‌లోని ఆమె సొంత పాట ఒకటి పాతికేళ్లకు, 2019 డిసెంబరులో, బిల్‌బోర్డ్ హాట్ 100 పాటల చార్టులో మొదటి స్థానానికి ఎక్కింది; అందులోనూ స్పెక్టర్ గంటలే మోగుతాయి.

స్పెక్టర్ ఆల్బమ్ విడుదలైంది 1963 నవంబరు 22న, అంటే అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగిన రోజునే. శోకంలో ఉన్న దేశం దాన్ని పట్టించుకోలేదు; 1972లో బీటిల్స్ వారి యాపిల్ రికార్డుల సంస్థ మళ్లీ వేశాక కొత్త శ్రోతలకు అందింది. నాకు మింగుడుపడనిది ఆఖరి పాట. 'సైలెంట్ నైట్' మంద్రంగా నడుస్తుండగా నిర్మాతే మైకు ముందుకు వచ్చి కృతజ్ఞతలు చెప్పుకుంటాడు. తర్వాత అతడు హత్యానేరంలో దోషిగా తేలి శిక్ష అనుభవిస్తూనే చనిపోయాడన్న సంగతి తెలిసినవారికి ఆ గొంతు ఇంకా బరువనిపిస్తుంది.

రెండోది 1965లో విన్స్ గ్వరాల్డి జాజ్ బృందం చేసిన 'ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్'. పీనట్స్ బొమ్మల కథ ఆధారంగా తీసిన టీవీ కార్యక్రమానికి చేసిన సంగీతమిది. పిల్లల కార్యక్రమానికి జాజ్ ఏమిటని దాన్ని ప్రసారం చేసే సీబీఎస్ టీవీ సంస్థ పెద్దలు సందేహించారు. మొదటి పాట 'ఓ టానెన్‌బామ్' వినండి: పియానో ఒక్కటే, ప్రార్థనకు ముందు వచ్చే మౌనంలా, పాత జర్మన్ బాణీని నిదానంగా పూర్తిచేస్తుంది; అప్పుడు బాస్, డ్రమ్స్ వచ్చి కలిసి అదే బాణీని ఊయల ఊపుతాయి. పాత పాట ఎక్కడా చెడలేదు, అయినా కొత్తదయింది. కాలిఫోర్నియాలోని సాన్ రఫేల్ చర్చి పిల్లలు పాడిన 'క్రిస్మస్ టైమ్ ఈజ్ హియర్'లో శ్రుతి అక్కడక్కడా జారుతుంది. నిక్కచ్చిగా పాడే పెద్ద గాయకబృందం అయితే ఆ జారుడు ఉండేది కాదు, పండుగ నాడు ఏదో వెలితిగా ఉన్న పిల్లవాడి మనసూ వినబడేది కాదు.

కనుక ఇల్లంతా చుట్టాలతో నిండి, వంటింట్లోకి కూడా పాట వినబడాలనుకునేవారు స్పెక్టర్‌ది కొనుక్కోవచ్చు, ఆఖరి పాటకు ముందే ఆపేస్తే సరిపోతుంది. నేనైతే గ్వరాల్డినే కొంటాను. చుట్టాలు వెళ్లిపోయి, చెట్టు మీద దీపాలు మాత్రమే వెలుగుతున్న వేళ కూడా మొదటి పాట నుంచి చివరి పాట దాకా వినగలిగింది నాకు అదొక్కటే.