షుగర్ మాత్రలు వాడేవాళ్లకి భోజనం బదులు షేక్ అంటగడుతున్నారు, జాగ్రత్త

మా కాలనీలో ఒక న్యూట్రిషన్ సెంటర్ నడుస్తోంది. పేరు రాయడం లేదు, ఇలాంటివి మీ ఏరియాలోనూ ఉండే ఉంటాయి. పొద్దున్నే వెళ్తే బరువు చూస్తారు, చేత్తో పట్టుకునే మెషిన్‌తో ఒంట్లో కొవ్వు ఎంతుందో చెప్పి భయపెడతారు. టిఫిన్, రాత్రి భోజనం మానేసి వాళ్లు అమ్మే పౌడర్ కలిపిన షేక్ తాగితే చాలంటారు. మూడు నెలల డబ్బు ముందే కట్టాలి.

మా పిన్ని చేరింది. తను షుగర్‌కి గ్లిమెపిరైడ్ మాత్ర వాడుతుంది. ఏ మందులు వాడుతున్నారని అక్కడి కోచ్ ఒక్క మాట అడగలేదు. ఓ రోజు మాత్ర వేసుకుని షేక్ తాగింది. కాసేపటికి ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు, మాట తడబడి వంటింట్లోనే పడిపోయింది. ఆసుపత్రిలో చూస్తే షుగర్ 48కి పడిపోయింది. మనం తిన్నా తినకపోయినా ఈ మాత్ర ఇన్సులిన్‌ని విడుదల చేయిస్తూనే ఉంటుంది. తిండి తగ్గిస్తే డోసు మార్చాలా వద్దా అన్నది డాక్టరు తేల్చాలి, పౌడర్ అమ్మేవాళ్లు కాదు.

డబ్బా వెనక చదివితే నాకు ఒళ్లు మండింది. ఒక స్కూప్ 25 గ్రాములు. ప్రోటీన్ అయినా పిండిపదార్థం అయినా గ్రాముకి 4 క్యాలరీలే. అంటే నీళ్లలో కలిపిన ఆ గ్లాసులో దాదాపు 100 క్యాలరీలు. బరువు తగ్గడానికి భోజనం బదులు తీసుకునే దాంట్లో కూడా పూటకి కనీసం 200 ఉండాలని అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు రూపొందించే కోడెక్స్ చెబుతోంది. ఇది అందులో సగం! దీన్ని భోజనం అని ఎలా అమ్ముతారు?

మింగలేని రోగులకి ఆసుపత్రిలో ట్యూబు ద్వారా ఇచ్చే ఫార్ములా మీద మనుషులు నెలల తరబడి బతుకుతారు కదా అని మీరు అడగొచ్చు, నిజమే. అది డైటీషియన్ లెక్కకట్టి, రక్తపరీక్షలు చూసుకుంటూ ఇచ్చేది. 1970ల చివర్లో అమెరికాలో ద్రవ ప్రోటీన్ తాగుతూ తిండి మానేసినవాళ్లలో పదుల మంది గుండె లయ తప్పి చనిపోయారు.

డబ్బు వెనక్కి అడిగితే సీల్ తీశారు కాబట్టి కుదరదన్నారు. బిల్లు లేదు. అందుకే బిల్లు ఇవ్వనిచోట రూపాయి కూడా కట్టకండి. డబ్బా మీద ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ ఉందో లేదో చూడండి. మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

మీ ఇంట్లో ఎవరైనా ఇప్పటికే ఇవి తాగుతుంటే, డబ్బానీ మందుల చీటీనీ ఈ వారంలోనే డాక్టరుకి చూపించండి. షుగర్, బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లయితే రేపే.