టాంగ్ గొప్పదా, సాంగ్ గొప్పదా?

చైనా స్వర్ణయుగం అనగానే రెండు వంశాలు పోటీకి వస్తాయి: టాంగ్ (618–907), సాంగ్ (960–1279). నా ఓటు సాంగ్‌కే, కాస్త బెరుకుగా.

టాంగ్ రాజధాని చాంగాన్ గోడలు కట్టిన పేటల నగరం. సాయంత్రం డోలు మోగితే పేటల తలుపులు మూతపడేవి. అయినా పగటిపూట దాని అంగళ్లలో పర్షియన్లు, మధ్య ఆసియా వర్తకులైన సోగ్డియన్లు కనిపించేవారు. మన ధాన్యకటకం దాకా వచ్చిన హ్యూయాన్‌త్సాంగ్ 645లో తిరిగి చేరుకున్నది ఈ నగరానికే. సాంగ్ రాజధాని కైఫెంగ్‌లోనో, రాత్రి అంగళ్లు కళకళలాడేవి.

అసలు తేడా ఉద్యోగ పరీక్షల్లో ఉంది. టాంగ్ కాలంలో అత్యున్నత పరీక్ష నెగ్గేవారు ఏడాదికి సుమారు ముప్పై మంది. పెద్దల సిఫారసు బాగా పనిచేసేది. సాంగ్ పాలకులు జవాబు పత్రంపై పేరు కప్పించారు. చేతిరాతను కూడా గుర్తుపట్టకూడదని గుమాస్తాలతో మొత్తం తిరగరాయించి, ఆ నకలునే దిద్దించారు. ఎంత అనుమానమో! కానీ ఒక్కో విడతలో వందలమంది ఎంపికయ్యారు. చదివించే స్తోమత లేనివారికి మాత్రం దారి ఇరుకే.

చెక్క దిమ్మెల ముద్రణ టాంగ్ నాటిదే. 868లో అచ్చయిన బౌద్ధ గ్రంథం వజ్రసూత్రం దానికి సాక్ష్యం. 1040లలో బి షెంగ్ మట్టితో విడి అక్షరాలు చేశాడు. అంతకుముందే, 1024లో, సాంగ్ ప్రభుత్వం సిచువాన్‌లో కాగితపు డబ్బు విడుదల చేసింది.

నా బెరుకంతా సైన్యం దగ్గరే. 755లో సరిహద్దు సేనాని అన్ లుషాన్ తిరుగుబాటు టాంగ్‌ను కుదిపేసింది. అలాంటి భయంతోనే సాంగ్ వంశం తన సేనానుల చేతులు కట్టేసింది. 1127లో ఈశాన్యం నుంచి వచ్చిన జుర్చెన్ తెగలవారు కైఫెంగ్‌ను కొల్లగొట్టి, చక్రవర్తినీ అతని తండ్రినీ బందీలుగా పట్టుకుపోయారు.