ముళ్ళ అతిథికి కొన్న మేత ప్యాకెట్: అయిదుకి రెండు

మాది పర్లాకిమిడి. జిల్లా ఒడిశాది, మా వీధి మాట మాత్రం తెలుగే. ఇక్కడ పెరట్లోకి ముంగిస వస్తుంది, ఉడతలు వస్తాయి, వాటికి ఎవరూ మేత కొనరు. అలాంటిది నేను ఇంగ్లండులో మా అమ్మాయి ఇంట్లో వేసవి గడపడానికి వెళ్ళి, హెడ్జ్‌హాగ్ కోసం మన లెక్కలో వెయ్యి రూపాయల దాకా పెట్టి ప్యాకెట్ కొనిపించాను. అలాగే పిల్లల దగ్గరికి వెళ్ళబోతున్న వాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆ మేత కొనొచ్చా అని అడిగారు కాబట్టి రాస్తున్నాను.

హెడ్జ్‌హాగ్ అంటే మన ఏదుపంది కాదు. ఏదుపంది ముళ్ళు జానెడు పొడుగుంటాయి. ఇది దోసిట్లో పట్టేంత జీవి, ముళ్ళు అంగుళం మించవు, భయమేస్తే బంతిలా ముడుచుకుంటుంది. జూన్‌లో అక్కడ తొమ్మిదిన్నర దాకా వెలుగే. పది దాటాక కంచె కింది సందులోంచి వచ్చేది. మనిషి కంటే ముందు దగ్గు వినిపించినట్టు, దానికంటే ముందు దాని ముక్కు చప్పుడు వినిపించేది, జలుబు చేసిన పిల్లాడు ఎగబీల్చినట్టు.

నాగుల చవితికి పుట్టలో పాలు పోసిన చెయ్యి కదా, మొదటి రాత్రి గిన్నెలో పాలు పట్టుకెళ్ళాను. "పాలు వద్దమ్మా, దానికి అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి" అని మా అమ్మాయి గిన్నె లాక్కుంది. బ్రెడ్డూ వద్దంది. (పాముకీ పాలు అరగవట. ఆ మాట మా అత్తగారు బతికుండగా అనే ధైర్యం నాకు లేకపోయింది.)

ఇక ప్యాకెట్. రెండు కిలోలు. మీద బొమ్మ ముద్దొచ్చేలా ఉంది. విప్పితే బిస్కెట్ గుళికలు, వాటి మధ్య వేరుశనగ పలుకులు, పొద్దుతిరుగుడు పప్పు, అన్నిటికీ పైన ఎండబెట్టిన మీల్‌వర్మ్‌లనే పురుగులు. కార్తీకమాసంలో ఉల్లిపాయ ముట్టని ఇల్లు మాది, చెంచా పట్టుకోవడానికే చెయ్యి రాలేదు. సరే, పెట్టాను. మా మనవడు పులిహోరలో పల్లీలు ఏరుకున్నట్టు అది పురుగులన్నీ ఏరుకుతిని, గుళికలు వదిలేసి పోయింది. మూడు రోజులూ అంతే.

అప్పుడు మా అల్లుడుగారు చదివి చెప్పారు. ఆ పురుగుల్లో, వేరుశనగలో, పొద్దుతిరుగుడు పప్పులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. అవే తింటూ పోతే ఎముకలు బలహీనపడి నడవలేకపోతుంది. 1982 నుంచి వీటి కోసమే పనిచేస్తున్న బ్రిటిష్ హెడ్జ్‌హాగ్ ప్రిజర్వేషన్ సొసైటీ కూడా ఆ మూడూ పెట్టొద్దనే చెబుతుంది. మరి దాని బొమ్మ వేసి, దానికి పనికిరానివి నింపి అమ్మడమేమిటో! విప్పిన ప్యాకెట్ వాపసు తీసుకోవడం కుదరదన్నారు కొట్లో.

తర్వాత పిల్లి కూనలకి అమ్మే చికెన్ బిస్కెట్లు తెప్పించాం. రాత్రికి గుప్పెడు, పక్కన లోతులేని పళ్ళెంలో నీళ్ళు. నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వేసేదాన్ని. అది కరకరా నములుతుంటే వంటింటి కిటికీ దాకా వినిపించేది. ఖర్చు సగం. వాటికి అయిదుకి అయిదు.

పక్కింటి పిల్లి గొడవ వేరే. ఇక్కడి నుంచి పట్టుకెళ్ళిన బెత్తం బుట్ట బోర్లించి, ఒక పక్క ఎత్తిపెట్టి లోపల మేత పెట్టాను. పిల్లి ఒక్క తోపు తోసింది, అయిపోయింది. అల్లుడుగారు ప్లాస్టిక్ డబ్బాకి 13 సెంటీమీటర్ల చదరపు కన్నం కోసి, అంచు గీసుకోకుండా టేపు అంటించి, మూత మీద ఇటుక పెట్టారు. కన్నం గోడవైపు తిప్పి, మధ్యలో హెడ్జ్‌హాగ్ దూరేంత సందు మాత్రం వదిలారు. పిల్లి ఒళ్ళు ఆ మలుపు తిరగలేకపోయింది. కొనే డబ్బాలూ ఉన్నాయి గానీ, ఇంట్లో డబ్బా ఉండగా దండగ.

ప్యాకెట్లో మిగిలిన పురుగుల్ని మా అమ్మాయి నానబెట్టి పగలు గోడ మీద పెడితే రాబిన్ పిట్టలు వచ్చి తినిపోయాయి. నా బెత్తం బుట్టలో ఇప్పుడు వాళ్ళు బంగాళాదుంపలు పోసుకుంటున్నారు.